నాయనమ్మ కాళ్ళ మీద కుక్కపిల్ల

మా ఇంట్లోకి కుక్కపిల్ల కంటే ముందు దాని వాసన వచ్చింది. బాపు ఇంకా గేటు బయట స్కూటరుకు స్టాండు వేస్తూనే ఉన్నాడు, అమ్మ వంటింట్లోంచి "మోరీ మళ్ళ పొంగిందా ఏంది?" అని అరిచింది. మురుగు కాలువ పొంగలేదు. మోరీయే నాలుగు కాళ్ళు మొలిపించుకుని బాపు టిఫిన్ సంచిలో కూర్చుని వచ్చింది.

బాపు నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో, ప్లాస్టిక్ పైపులు చేసే ఒక చిన్న కంపెనీలో మెషీన్ మీద పని చేసేవాడు. మెషీన్లలోంచి తీసిన పాత ఆయిల్‌ను షెడ్డు వెనక సగానికి కోసిన డ్రమ్ములో పోసేవాళ్ళు. ఇది అందులో పడింది. ఎవరో తీసి నేల మీద వదిలితే, వంటికి అంటిన జిడ్డు వదిలించుకుందామని పక్కనే ఉన్న రంపపు పొట్టులో దొర్లింది. జిడ్డు పోలేదు, పైగా పొట్టు వచ్చి చేరింది. బాపు సంచి విప్పి గచ్చు మీద పెట్టేసరికి అది రస్కు పొడిలో దొర్లించి వేయించడం మరిచిపోయిన కట్‌లెట్‌లా ఉంది. ఆ కట్‌లెట్‌కు రెండు కళ్ళు. రెండూ మమ్మల్నే చూస్తున్నాయి.

"ఇంకో జర సేపైతే సచ్చిపోతుండె పాపం," అన్నాడు బాపు.

"ఇప్పుడు ఇంటికి తెచ్చినవ్ గదా, ఇగ మనం సస్తం," అంది అమ్మ.

అవి మెట్రో పిల్లర్ల కోసం ఉప్పల్ రోడ్డును తవ్వి పోస్తున్న రోజులు. వారంలో సగం బందులు. తెలంగాణ రావడానికి నేను చేసిన త్యాగం కాలేజీకి వెళ్ళకపోవడం. దాన్ని మాత్రం మనస్ఫూర్తిగా చేశాను. ఇంట్లో ఖాళీగా ఉన్న మనిషిని నేనే కాబట్టి కుక్కపిల్లకు స్నానం చేయించే పని నన్ను అడగకుండానే నాకు వచ్చింది.

వెనకవైపు, బోరు నల్లా పక్కన, బట్టలుతికే బండ మీద దాన్ని నిలబెట్టాం. బాపు పట్టుకున్నాడు, నేను నీళ్ళు పోశాను. మా బోరు నీళ్ళలో సబ్బు నురగ రావడమంటే పెద్ద పండగ. ఆ రోజు పండగ రాలేదు. బట్టల పౌడరు పిడికెడు చల్లితే అది జిడ్డుతో కలిసి బూడిద రంగు ముద్దయి, నా గోళ్ళ సందుల్లోకి పోయి అక్కడే కాపురం పెట్టింది. నీళ్ళు దాని ఒంటి మీద నుంచి జారిపోతున్నాయి, జిడ్డు మాత్రం మా మీదకు వస్తోంది. అరగంట తర్వాత మేమిద్దరం నల్లగా అయ్యాం, కుక్కపిల్ల ఎలా ఉన్నదో అలాగే ఉంది.

అప్పుడు దాని చెవి తిరగేసి చూశాను. చూడకుండా ఉండాల్సింది. లోపల గోమార్లు, అదే పిడుదులు, రక్తం తాగి ఉబ్బి, నానబెట్టిన శనగల్లా వరుసగా కూర్చుని ఉన్నాయి. ఒకదాన్ని పట్టి గుంజాను. అది నా వేళ్ళ మధ్య పగిలింది. వెచ్చగా ఉంది. ఆ తర్వాత ఆరు నెలలు మా ఇంట్లో గుగ్గిళ్ళు చేస్తే నేను తినలేదు. ఇంతలో కుక్కపిల్ల ఒళ్ళు విదిలించింది. దాని ఒంటి మీదున్నదంతా నా ముఖం మీదకు వచ్చింది, కొంత నోట్లోకి కూడా. రుచి చెప్పమని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పను.

ఇదంతా నాయనమ్మ వెనక గడప దగ్గర నిలబడి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని చూస్తోంది. కుక్క మా గడప తాకితే పసుపు నీళ్ళు చల్లే మనిషి ఆమె. ఆమెకు కుక్కలంటే భయం కాదు, కోపం కాదు, ఉత్త రోత. అయితే ఆ రోజు ఆమెకు కుక్క కంటే ఎక్కువ రోత పుట్టించింది నేను దాన్ని పట్టుకున్న తీరు.

ఎందుకో చెప్పాలి. నాయనమ్మ మా గల్లీల్లో పసిపిల్లలకు నీళ్ళు పోసే మనిషి. జనగామ వైపు నుంచి ఉప్పల్ వచ్చిన కొత్తలో పక్కింట్లో ఒకరికి పోసింది, వాళ్ళు ఇంకొకరికి చెప్పారు, అలా ఇరవై ఏళ్ళు. పీట మీద కూర్చుని, చీర మోకాళ్ళ దాకా తీసుకుని, కాళ్ళు చాచి, పిల్లను ఆ కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టి, నూనె పట్టించి, పిండితో రుద్ది, వేణ్ణీళ్ళు పోస్తుంది. పిల్ల మొదట ఊరంతా వినపడేలా ఏడుస్తుంది, తర్వాత ఊరంతా వినపడకుండా నిద్రపోతుంది. దీనికి ఆమె జీతం అడగలేదు. పిల్లను ఉయ్యాలలో వేసే తొట్టెల రోజు చీర పెట్టేవాళ్ళు. కానీ ఆమెకు కావలసింది చీర కాదు. ఏ ఇంట్లో పురుడు వచ్చినా ముందు ఆమెకు కబురు రావాలి. అది రాకపోతే ఆ వారం ఆమె ముఖం చూడలేం.

ఆ రోజుల్లో ఆమె నీళ్ళు పోస్తున్నది ఒక పన్నెండు రోజుల పాపకు. రెండు గల్లీల అవతల, హబ్సిగూడలో ఏదో పరిశోధన సంస్థలో పనిచేసే పెద్దాయన ఇల్లు. కృష్ణా జిల్లా వాళ్ళు. కూతురు పురిటికి వచ్చింది. టీవీలో వాళ్ళవైపు వాళ్ళూ మావైపు వాళ్ళూ మైకులు విరగ్గొట్టుకుంటున్న రోజుల్లో, నాయనమ్మ పొద్దున్నే వెళ్ళి వాళ్ళ మనవరాలిని కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోసి వచ్చేది.

"అరే, గట్ల పడ్తరార పసిగుడ్డును? మెడ ఇరుగుతది!" అంది గడప దగ్గర నుంచి.

"ఇది పసిగుడ్డు కాదే నాయ్నమ్మా, కుక్క."

"కుక్కకు మెడ ఉండదా? లే, పక్కకు జరుగు. చీ! ఏం వాసన బిడ్డా ఇది, కడుపుల ఉన్నదంత ఎల్లొస్తున్నది. ఓ కోడలా, పీట తే. నూనె తే. శనగపిండి తే. నీళ్ళు కాగవెట్టు."

"నూనెల పడి వచ్చినదానికి మళ్ళ నూనెనా?" అన్నాడు బాపు.

"నూనె నూనెతోనే పోతది. నీ కంపెనీల ఇది చెప్పలేదా?"

కూర్చుంది. కాళ్ళు చాచింది. కొంగుతో ముక్కు, నోరు బిగించి కట్టుకుంది. కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి, ఆ కళ్ళలో పరమ అసహ్యం. కుక్కపిల్లను కాళ్ళ మీద బోర్లా వేసుకుని, మెడ కింద ఒక చెయ్యి, నడుం మీద ఒక చెయ్యి. అది కిక్కురుమనలేదు. మేమిద్దరం అరగంట కుస్తీ పట్టినా ఆగని జంతువు ఆమె చాచిన కాళ్ళ మధ్య సర్దుకుని పడుకుంది.

ఆముదం పట్టించింది. నల్లటి జిడ్డు ముద్దలు ముద్దలుగా కదిలి ఆమె కాళ్ళ మీదుగా కారింది. శనగపిండితో రుద్దితే పొట్టు, వెంట్రుకలు, జిడ్డు కలిసి పురుగుల్లా చుట్టలు చుట్టుకుని రాలాయి. కొన్ని నిజంగానే పురుగులు. గోమార్లను వంటనూనె చుక్కతో ఊపిరాడకుండా చేసి, ఒక్కొక్కటీ తీసి, పక్కన నేను పట్టుకున్న ఉప్పునీళ్ళ గిన్నెలో వేసింది. అవి తేలుతూ కాళ్ళు ఆడించాయి. గిన్నె పట్టుకున్నవాడి సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

సగంలో కుక్కపిల్లకు కడుపు కదిలింది. తాగిన ఆయిల్, తిన్న పొట్టు, ఇంకా ఏమేమో, అంతా పల్చగా ఆమె పిక్కల మీదకు వచ్చేసింది. నేను గిన్నె కింద పెట్టి గోడ దగ్గరకు పరిగెత్తి కక్కాను. నాయనమ్మ కదల్లేదు.

"పసిపోరలు దొడ్డికి పోరా? నువ్వు పోలేదా నా మీద? నీళ్ళు పొయ్యిరా ముందు."

తర్వాత ఆమె చేతులు వాటి అలవాటు ప్రకారం అవే పోయాయి. తల గుండ్రంగా రావాలని రెండు అరచేతులతో అదిమింది. ముక్కు కొసదేలాలని రెండు వేళ్ళతో గుంజింది. కుక్క ముక్కును. దానికి ఇంకా ఎంత పొడుగు కావాలో నాకు అర్థం కాలేదు. చెవుల్లో ఉఫ్ అని ఊదింది. నాలుగో బకెట్టుకు జిడ్డు కింద నుంచి తెలుపు బయటపడింది, అక్కడక్కడా గోధుమ మచ్చలు. మేమంతా నల్ల కుక్క అనుకున్నాం. పాత చీర ముక్కలో చుట్టి, నిప్పుల మీద సాంబ్రాణి వేసి పొగ పట్టింది. ఆ పొగకు తడికుక్క వాసన పోలేదు. గుడిలో కుక్క తడిసినట్టు అయింది, అంతే.

అప్పుడు ఆమెకు తాను చేసింది ఏమిటో తెలిసినట్టుంది. తన కాళ్ళ వైపు చూసుకుంది. మిగిలిన వేణ్ణీళ్ళు తల మీద పోసుకుంది, పసుపు రాసుకుంది, మళ్ళీ పోసుకుంది. తడి బట్టల్లోనే మా ముగ్గుర్నీ నిలబెట్టి చెప్పింది:

"ఈ ముచ్చట ఈ గోడ దాటొద్దు. కుక్కకు నీళ్ళు వోసిన కాళ్ళ మీద ఏ తల్లి పిల్లను వేస్తది? ఇగ నన్నెవ్వలు పిల్వరు. యాదికుంచుకోన్రి."

అమ్మ తల ఊపింది. బాపు తల ఊపాడు. నేనూ ఊపాను.

నేను గోడ దాటలేదు. మరుసటి రోజు గేటు తీసుకుని చాయ్ బండి దగ్గరకు వెళ్ళాను. బంద్ రోజు, దోస్తులంతా అక్కడే. రాష్ట్రం ఎప్పుడొస్తదని గంభీరంగా మాట్లాడుకుంటున్నారు. గంభీరంగా మాట్లాడుకునే నలుగురిని చూస్తే నాకు నోరు ఊరుకోదు. బెంచీ మీద కాళ్ళు చాచి, ఒకడి హెల్మెట్‌ను కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టి, నాయనమ్మలా దానికి నూనె పట్టించి, ముక్కు గుంజి, సాంబ్రాణి వేసి చూపించాను. కుక్కపిల్ల కడుపు కదిలిన ఘట్టాన్ని చాయ్‌తో అభినయించాను. ఒకడికి నవ్వి నవ్వి చాయ్ ముక్కులోంచి వచ్చింది. మా గల్లీల్లో పాల పాకెట్లు వేసే అన్న కూడా అక్కడే నిలబడి కళ్ళు తుడుచుకున్నాడు. మంచి ఆట అనుకున్నాను.

ఆ తర్వాతి పొద్దున నాయనమ్మ ఎప్పటిలాగే పాపకు నీళ్ళు పోయడానికి వెళ్ళింది. పది నిమిషాల్లో వచ్చేసింది. రోజూ మోకాళ్ళ దాకా తడిసి వచ్చే చీర ఆ రోజు పొడిగా ఉంది.

"ఏమైందత్తా?" అంది అమ్మ.

"ఏం గాలే. వాళ్ళకు అవుసరం లేదట. వాళ్ళే పోసుకుంటరట." చెప్పులు విడిచి, నా వైపు తిరిగింది. "చెప్పినవా?"

"నవ్వులాటకు చెప్పిన నాయ్నమ్మా."

"నవ్విన్రా?"

"నవ్విన్రు."

"మంచిది," అని లోపలికి వెళ్ళింది.

నేను తిట్లకు సిద్ధంగా ఉన్నాను. తిట్లను ఎలా జోక్ చేయాలో నాకు తెలుసు. 'మంచిది'ని ఏం చేయాలో తెలియలేదు.

రెండు రోజులు ఆమె ఆ నీళ్ళు పోసే వేళకు పీట వేసుకుని వెనకవైపు కూర్చుంది. కాళ్ళు చాచుకుని, ఊరికే. పక్క గల్లీలో ఒక కోడలికి నెలలు నిండాయి. వాళ్ళ అత్త వారం ముందే వచ్చి "నువ్వే రావాలె పెద్దవ్వా" అని చెప్పి పోయింది. ఇప్పుడు మా గేటు ముందు నుంచి వెళుతూ ఫోన్లో ఏదో వెతుక్కుంది. ఆమెది బటన్ల ఫోను. వెతకడానికి అందులో ఏమీ ఉండదు.

అమ్మకు కోపం కుక్కపిల్ల మీదకు మళ్ళింది. "ఈ దరిద్రాన్ని తీస్కపోయి ఆ కంపెనీ కాడనే ఇడిసిపెట్టు," అంది బాపుతో. అది అప్పుడే నా చెప్పును నమిలి, నమిలినంత మేరా కక్కి, కక్కింది మళ్ళీ తింటోంది. వదిలేయడానికి అంతకంటే మంచి సమయం దొరకదు.

"దాన్నేమంటవ్?" అంది నాయనమ్మ పీట మీద నుంచి. "అది చెప్పిందా?"

నేను చొక్కా మార్చుకుని పాప వాళ్ళింటికి వెళ్ళాను.

గేటు దగ్గరికే ఏడుపు వినిపించింది. తలుపు తీసింది పాప అమ్మమ్మ, కళ్ళద్దాలు, నైటీ మీద తువ్వాలు, జుట్టు రేగిపోయి. నన్ను గుర్తుపట్టింది.

"మామ్మగారి మనవడివి కదూ? చెప్పు బాబూ."

దారంతా ఒక జోక్ తయారు చేసుకున్నాను. మొదలుపెట్టాను కూడా: "అంటే ఆంటీ, కుక్కకు కూడా పురుడు..."

ఆవిడ ఏడుపు వినిపిస్తున్న గది వైపు తల తిప్పింది. జోక్ నా నోట్లోనే కుళ్ళిపోయింది.

"తప్పు నాది ఆంటీ," అన్నాను. "ఆమె పాపకు పోసి ఇంటికి వచ్చినాక కుక్కకు పోసింది. తర్వాత పసుపు పెట్టుకొని రెండు సార్లు తలకు పోసుకుంది. మర్నాడు మీ ఇంటికి వచ్చేముందు ఇంకోసారి. నేను మిగతాదంతా చెప్పిన గానీ, చాయ్ బండి కాడ అది చెప్పలే. చెప్తే నవ్వు రాదు గదా."

"కుక్క సంగతి కాదు బాబూ. మేమూ పల్లెటూరి నుంచి వచ్చినవాళ్ళమే. పాలతను గేటు దగ్గర నవ్వుతూ చెబుతుంటే నాకెలా ఉంటుంది? మా పిల్ల ఒంటి మీద చేతులేసే మనిషి గురించి వీధంతా నవ్వుకుంటున్నారు, మాకు మాత్రం తెలీదు. ఆవిడ ఒక్క ముక్క చెప్పొచ్చుగా?"

లోపలి గదిలోంచి పాప తల్లి గొంతు వచ్చింది, ఏడుపు మీదుగా: "అమ్మా! రెండ్రోజుల నుంచి ఇది నిద్రపోలేదు. నేనూ పోలేదు. నువ్వు టబ్బులో ముంచితే ఇంకా ఏడుస్తోంది. ఆవిడ ఏనుక్కి పోసొచ్చినా నాకు పర్లేదు. పిలువు!"

పాప అమ్మమ్మ తలుపు పూర్తిగా తెరిచింది. తర్వాత షరతులు చెప్పింది. మామ్మగారు ఇక్కడికొచ్చి, ఈ పంపు దగ్గర, తన కళ్ళముందు కాళ్ళు కడుక్కోవాలి. ఇంకెప్పుడూ ఆ కుక్కకు నీళ్ళు పోయకూడదు.

"కడిగేది మాత్రం నువ్వు," అంది.

నాయనమ్మను తీసుకురావడం కష్టం అనుకున్నాను. షరతులన్నీ చెప్పగానే "సరే" అని చీర సర్దుకుని లేచింది. ఆ తొందర చూస్తే, ఆమె రెండు రోజులుగా పీట మీద కూర్చుని ఎదురుచూస్తున్నది దీనికోసమేనని తెలిసింది.

వాళ్ళ వాకిట్లో పంపు దగ్గర కాళ్ళు చాచి కూర్చుంది. గోడ అవతల పక్కింటి ఆడవాళ్ళు ఇద్దరు బట్టలు ఆరేస్తున్నారు. ఒకే దుప్పటిని మూడుసార్లు ఆరేశారు. నా చేతికి డెటాల్ సీసా, సబ్బు, బ్రష్ ఇచ్చారు. రుద్దాను. ఆమె మడమల పగుళ్ళలో ఇంకా నల్లటి జిడ్డు ఉంది, బాపు కంపెనీది. ఆ జిడ్డులో అతుక్కుని రెండు తెల్లటి వెంట్రుకలు. గోరుతో తీయాల్సి వచ్చింది. మట్టి, చచ్చిన చర్మం, జిడ్డు కలిసిన ఆ పిసరు నా గోటి కింద చేరింది. పాప అమ్మమ్మ కళ్ళద్దాలు ముక్కు కొసకు జారిపోయేంత వంగి చూసింది.

"మంచిగ చూసుకోమ్మా," అంది నాయనమ్మ. గొంతులో ఏ కోపమూ లేదు. "ఏళ్ళ సందులు గుడ సూడు. చెప్పాల్సింది నేను. నీ కాడ తప్పు నాదే."

ఆవిడ కళ్ళద్దాలు పైకి తోసుకుంది. లోపలికి వెళ్ళి, ఎర్రగా కందిపోయి అరుస్తున్న పాపను తెచ్చి, స్వయంగా ఆ కాళ్ళ మీద పడుకోబెట్టింది. నాయనమ్మ నూనె చెయ్యి వీపు మీద వేసింది. ఏడుపు ఇంకాస్త పెరిగింది, తర్వాత దాంట్లో ఎక్కిళ్ళు వచ్చాయి, తర్వాత వేణ్ణీళ్ళు పడుతున్న చప్పుడొక్కటే మిగిలింది. లోపల పాప తల్లి మంచం మీద పక్కకు ఒరిగినట్టు కిర్రుమని శబ్దం వచ్చింది. గోడ అవతల దుప్పటి ఆరేయడం ఎట్టకేలకు పూర్తయింది.

ఇంటికి వచ్చేటప్పుడు ఆమె చీర అంచు తడిసి రోడ్డు మీద గీత గీస్తూ వచ్చింది. నాకంటే నాలుగడుగులు ముందు నడిచింది. మా గేటు దగ్గర మాత్రం ఆగి, "అది ఇయ్యాల మళ్ళ మోరీల పడ్డది. నేను ముట్ట. మాటిచ్చిన," అని లోపలికి వెళ్ళిపోయింది.

అందుకని ఆ మధ్యాహ్నం పీట మీద నేను కూర్చున్నాను. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, కాళ్ళు చాచి. అమ్మ కుక్కపిల్లను తోక పట్టుకుని తెచ్చి నా కాళ్ళ మీద పడేసి, చెయ్యి సబ్బుతో కడుక్కోవడానికి పారిపోయింది. మోరీ నల్లబురద, అందులో ఎవరి ఇంటిదో నిన్నటి సాంబారు కరివేపాకు, ఒక ప్లాస్టిక్ కవర్ ముక్క, నా పిక్కల మీద. చెవులు తిరగేశాను, గోమార్ల కొత్త బ్యాచ్ దిగింది. నాయనమ్మ గడప లోపల, ఒక్క అంగుళం కూడా బయటకు రాకుండా నిలబడి చెబుతోంది.

"మెడ కింద చెయ్యి వెట్టు. గట్టిగ గాదు. కాళ్ళు దగ్గరికి తే, సందుల నుంచి జారుతది. నీళ్ళు ముందు నీ చెయ్యి మీద పోసి చూడు."

చెప్పినట్టే చేశాను. రోత అలాగే ఉంది, కానీ చేతులు వేరే పనిలో ఉన్నాయి. కాసేపటికి కుక్కపిల్ల ఒళ్ళు వదిలేసింది. గడ్డం నా చీలమండ మీద ఆనించి, కళ్ళు మూసుకుని, నిద్రపోయింది. నాయనమ్మ వైపు గర్వంగా చూశాను.

అప్పుడు నా తొడ కిందికి ఏదో వెచ్చగా పాకింది. నేను పోసిన నీళ్ళు అంత వెచ్చగా లేవు.

"కదలకు," అంది గడప లోపలి నుంచి. "లేస్తది."

కదల్లేదు.